ఆఫ్ చేసినా పోని కరెంటు: ఇంక్యుబేటర్‌కు ఎస్‌ఎస్‌ఆర్ బిగించే ముందు

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ. బుక్కరాయసముద్రం దగ్గర నాటుకోడి గుడ్లకు సొంతంగా ఇంక్యుబేటర్ కట్టుకున్నారు. 500 వాట్ల హీటర్లు రెండు, గాలి తిప్పడానికి ఫ్యాను, వేడి చూడటానికి డీఎస్18బీ20 సెన్సరు, అన్నింటినీ నడిపించడానికి మనం ప్రోగ్రాం రాసుకునే చిన్న ఈఎస్పీ32 బోర్డు. హీటర్లను ఆన్, ఆఫ్ చేయడానికి 40 యాంప్స్ సాలిడ్ స్టేట్ రిలే (ఎస్‌ఎస్‌ఆర్, కదిలే కాంటాక్టులు లేని రిలే) తెప్పించి చెక్క పలక మీద బిగించారు. అరగంటకే అది చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. ఆఫ్‌లో ఉండి హీటర్ చల్లగా ఉన్నా, హీటర్ స్క్రూకు టెస్టర్ పెడితే వెలుగుతోంది. మీ ఊరి ఎలక్ట్రీషియన్ "ఇదంతా ఎందుకప్పా, మామూలు రిలే వేసుకో" అంటున్నాడు. ఇంకో ఎస్‌ఎస్‌ఆర్‌తో ట్యాంకు నింపే 1 హెచ్‌పీ మోటారును కూడా నడిపించొచ్చా అన్నది చివరి ప్రశ్న.

మోటారుకు వద్దు. హీటర్‌కు ఎస్‌ఎస్‌ఆర్ సరైనదే గానీ, ఇప్పుడు బిగించిన తీరులో మాత్రం గుడ్లు పెట్టకండి. మీరు అడగని ప్రశ్న ఒకటి వీటన్నిటికంటే పెద్దది: ఈ ఎస్‌ఎస్‌ఆర్ చెడిపోతే ఏమవుతుంది? దాని దగ్గరికి వస్తాను. ముందు లోపల ఏముందో చూద్దాం, మీ అనుమానాల్లో సగం అక్కడే తీరిపోతాయి.

దాని మీద నాలుగు స్క్రూలుంటాయి. 3, 4 నంబర్లు కంట్రోల్ వైపు. 3 ప్లస్, 4 మైనస్. అక్కడ డీసీ ఇస్తే లోపల చిన్న ఎల్‌ఈడీ వెలుగుతుంది. ఆ వెలుతురు అవతలి భాగం మీద పడి ఒక ట్రయాక్‌ని గానీ, ఎదురెదురుగా కలిపిన రెండు ఎస్‌సీఆర్‌లను గానీ (ఇవన్నీ సిలికాన్ స్విచ్‌లే) ఆన్ చేస్తుంది. 1, 2 నంబర్ల మధ్య హీటర్ కరెంటు పారేది వీటి గుండానే. కంట్రోల్ వైపుకీ 230 వోల్టుల వైపుకీ మధ్య తీగ కనెక్షన్ లేదు, వెలుతురు ఒక్కటే దాటుతుంది. అందుకే బోర్డు క్షేమం. కానీ 1, 2 మధ్య తెరుచుకుని మూసుకునే కాంటాక్టు లేదు, సిలికాన్ ముక్క ఉంది. ఆ ముక్క ఒకసారి ఆన్ అయితే దాని గుండా పోయే కరెంటు సున్నాకు వచ్చినప్పుడే ఆఫ్ అవుతుంది. మన 50 హెర్ట్జ్ లైన్లో సెకనుకు 100 సార్లు సున్నా వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇదే ఎస్‌ఎస్‌ఆర్‌ని సోలార్ ప్యానెల్ డీసీ మీద పెడితే ఒకసారి ఆన్ అయ్యాక ఇక ఆఫ్ కాదు.

ఇప్పుడు వేడి సంగతి. ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ సిలికాన్ దగ్గర 1.2 నుంచి 1.5 వోల్టుల దాకా ఆగిపోతుంది. మీ రెండు హీటర్లూ కలిపి 1000 వాట్లు, 230 వోల్టులకు 4.35 యాంప్స్. దాన్ని 1.3తో గుణిస్తే 6 వాట్లకు కాస్త తక్కువ. ఈ 6 వాట్లూ ఆ చిన్న డబ్బాలోనే వేడిగా మారతాయి. హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహపు దిమ్మ) లేకుండా వట్టిగా వదిలిన ఎస్‌ఎస్‌ఆర్ ఒక్కో వాట్‌కు సుమారు 8 నుంచి 10 డిగ్రీలు పెరుగుతుంది. అంటే గాలి కంటే 50 డిగ్రీలు పైన. మన అనంతపురంలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలికి అది కలిపితే దాదాపు 95. మీ చెయ్యి కాలిందంటే కాలదా మరి. పైగా కింద చెక్క ఉంది, కింది నుంచి వేడి పోయే దారే లేదు. లోపల సిలికాన్ ఇంకా ఎక్కువ వేడి మీద ఉంటుంది, 125 డిగ్రీలు దాటితే దాని పని అయిపోయినట్టే.

"40 యాంప్స్ అని రాశారు కదా, నాది 4 యాంప్సే కదా" అంటారు. ఆ 40 అనేది పెద్ద హీట్ సింక్ మీద, కంపెనీ వాళ్లు చెప్పిన చల్లదనంలో ఇచ్చే లెక్క. నిజంగా 40 యాంప్స్ పారితే అక్కడ 50 వాట్ల పైన వేడి పుడుతుంది, రెండు సోల్డరింగ్ ఐరన్లు ఆ డబ్బాలో కూర్చున్నట్టు. హీట్ సింక్ లేని ఎస్‌ఎస్‌ఆర్ ఏదైనా సరే, 25 అని రాసున్నా 40 అని రాసున్నా, 3 నుంచి 5 యాంప్స్ వరకే లెక్కలోకి తీసుకోండి. మన ఎండలకు అందులోనూ కిందిదే. దానికి తోడు మార్కెట్లో రెండు మూడు వందలకు దొరికే వాటిలో పైన 40 అని అచ్చేసి లోపల 12, 16 యాంప్స్ ట్రయాక్ పెట్టినవి చాలానే తిరుగుతున్నాయి. పేరున్న బ్రాండ్ల లేబుళ్లను కూడా కాపీ కొడతారు. మీది ఏదో విప్పకుండా చెప్పలేం కాబట్టి, దొంగ సరుకే అనుకుని లెక్క వేసుకోవడం మంచిది.

చేయాల్సింది ఇది. వాట్‌కు 2 డిగ్రీలకు మించి పెరగని అల్యూమినియం హీట్ సింక్ తీసుకోండి, 6 వాట్లకు 12 డిగ్రీలే పెరుగుతుంది. ఎస్‌ఎస్‌ఆర్ అడుగుకు థర్మల్ పేస్ట్ పలచగా రాయండి. వెన్న పూసినట్టు దట్టంగా రాస్తే అదే అడ్డం. హీట్ సింక్ రెక్కలు నిలువుగా ఉండేలా, గాలి కింది నుంచి పైకి పోయేలా బిగించండి. దాన్ని ఇంక్యుబేటర్ లోపల పెట్టొద్దు, మూసేసిన ప్లాస్టిక్ డబ్బాలోనూ పెట్టొద్దు. బయట గోడకు, నీడ ఉన్న వైపు. వేసవిలో మా ప్యానెల్ బోర్డుల లోపల 50 డిగ్రీలు మామూలుగానే కనిపిస్తుంది, అందులో మళ్లీ వేడి పుట్టించే వస్తువును బిగించడం ఏం తెలివి?

టెస్టర్ వెలగడం గురించి. దీనికి చాలామంది "ఎస్‌ఎస్‌ఆర్‌కు లీకేజీ ఉంటుంది లే, మామూలే" అని చెప్పేస్తారు. లీకేజీ ఉండే మాట నిజం. 1, 2 మధ్య సిలికాన్‌కు రక్షణగా ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు వరసగా పెడతారు, స్నబ్బర్ అంటారు. ఆ కెపాసిటరు 0.1 మైక్రోఫారడ్ అయితే 230 వోల్టుల దగ్గర 7 మిల్లీ యాంప్స్ దాకా అలా పోతూనే ఉంటుంది. కానీ మీ విషయంలో నాకు ఆ జవాబు చాలదు. లెక్క చూడండి: మీ హీటర్లు రెండూ కలిపి 53 ఓమ్స్. ఎస్‌ఎస్‌ఆర్ ఫేజులో ఉండి, హీటర్ అవతలి కొస న్యూట్రల్‌కు ఉంటే, ఆ 7 మిల్లీ యాంప్స్ హీటర్ గుండా పోయినప్పుడు హీటర్ మీద అర వోల్టు కూడా రాదు. అర వోల్టుకు నియాన్ టెస్టర్ ఎలా వెలుగుతుంది? వెలగదు.

మరి వెలిగిందంటే రెండే దారులు. ఒకటి, మీరు హీటర్ విప్పేసి వట్టి తీగ కొసకు టెస్టర్ పెట్టారు. అప్పుడు ఆ లీకేజీకి పోయే చోటు లేదు కనుక తీగ మీద నిండా వోల్టేజీ కనిపిస్తుంది, మల్టీమీటర్ కూడా 200 పైనే చూపిస్తుంది. అక్కడ 100 వాట్ల ఫిలమెంట్ బల్బు తగిలించండి, ఆ వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది. (ఎల్‌ఈడీ బల్బుతో ఈ పరీక్ష చేయకండి. అది ఆ కొద్ది కరెంటుకే మిణుకు మిణుకుమంటూ మిమ్మల్ని తికమక పెడుతుంది.) రెండు, ఎస్‌ఎస్‌ఆర్ న్యూట్రల్‌లో ఉంది. మీరు ఫేజు అనుకున్న తీగే న్యూట్రల్ కావచ్చు, లేదా సాకెట్లోనే ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉండొచ్చు. ఊళ్లలో ఇది చాలా ఇళ్లలో చూస్తాను. బల్బు వెలుగుతోంది కదా అని ఎవరూ పట్టించుకోరు. అప్పుడు ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉన్నా హీటర్ మొత్తం ఫేజు మీదే ఉంటుంది. హీటర్ చల్లగా ఉంది కదా అని గుడ్ల ట్రే సర్దుతూ తడి చేత్తో ముట్టుకుంటే అంతే. మీరు హీటర్ బిగించి ఉండగానే టెస్టర్ పెట్టారని రాశారు, కాబట్టి నా అనుమానం ఈ రెండో దాని మీదే. ముందు సాకెట్లో ఫేజు ఏ వైపు ఉందో చూడండి. కుడి వైపు ఉండాలి. ఎస్‌ఎస్‌ఆర్ ఫేజులోనే పడాలి. మూడు పిన్నుల ప్లగ్గే వాడండి.

అది సరిచేసినా సరే, ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉందని నమ్మి హీటర్ మీద చెయ్యి వేయొద్దు. 10 మిల్లీ యాంప్స్ దాటితే పట్టుకున్న చెయ్యి వదలడమే కష్టం, లీకేజీ ఆ దగ్గర్లోనే ఉంది. పని చేయాలంటే ఎంసీబీ దించాలి, లేదా ప్లగ్ పీకాలి. రిపేర్లకు ఎస్‌ఎస్‌ఆర్‌ను స్విచ్ కింద లెక్కేయకూడదు.

మీ ఎలక్ట్రీషియన్ మాటలో తప్పేమీ లేదు, ఒక్క విషయం తప్ప. మామూలు రిలే ఆఫ్ అయితే నిజంగా ఆఫ్. వేడెక్కదు, లీకేజీ లేదు. చిక్కు ఎక్కడంటే, వేడిని 37.5 డిగ్రీల దగ్గర సన్నగా నిలబెట్టాలంటే హీటర్‌ను తరచూ ఆన్, ఆఫ్ చేయాలి. రెండు సెకన్లకు ఒకసారి అనుకోండి, రోజుకు 43,200 సార్లు. ఆ నీలం రంగు చిన్న రిలేల కాంటాక్టులు నిండు లోడు మీద లక్ష సార్లు పని చేస్తే గొప్ప. మూడో రోజుకే అతుక్కుపోతాయి. నిమిషానికి ఒకసారి కొట్టుకునేలా పెడితే రెండు నెలల పైన వస్తుంది, వేడి మాత్రం ఊగుతూ ఉంటుంది. అందుకే ఇంక్యుబేటర్ హీటర్‌కు ఎస్‌ఎస్‌ఆర్ అంటాను.

అయితే అది చెడిపోయే తీరు తెలుసుకునే బిగించాలి. బల్బు మాడితే ఆరిపోతుంది. ఎస్‌ఎస్‌ఆర్ మాడితే ఎక్కువ సందర్భాల్లో ఆన్‌లో ఉండిపోతుంది. సిలికాన్ కరిగి 1, 2 మధ్య వట్టి తీగలా అయిపోతుంది. పిడుగులు పడ్డప్పుడు లైన్లో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసే సర్జికైనా, ఎక్కువ వేడికైనా, హీటర్ షార్ట్ అయినప్పుడైనా ఇదే జరుగుతుంది. ఎంసీబీ అడ్డం పడుతుందనుకోకండి. ఎంసీబీ కాపాడేది తీగను, అది కొట్టుకునే లోపే సిలికాన్ పోయి ఉంటుంది.

ఒక హ్యాచరీకి పొద్దున్నే పిలిస్తే వెళ్లాను. లోపల థర్మామీటరు 47 చూపిస్తోంది. కంట్రోలర్ స్క్రీన్ మీద మాత్రం హీటర్ ఆఫ్ అని చక్కగా రాసుంది. కంట్రోలర్ అబద్ధం చెప్పలేదు పాపం, దాని ఔట్‌పుట్ సున్నాలోనే ఉంది. మెయిన్ దించి ఎస్‌ఎస్‌ఆర్ 1, 2 స్క్రూల మధ్య మీటరు పెడితే సున్నా ఓమ్స్. మంచిది అయితే మెగా ఓమ్స్‌లో చూపించాలి. ట్రేలన్నీ ఉడికిన గుడ్లే.

కోడి సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పొదుగు మీద ఉన్న పెట్ట రోజూ లేచి గింజలకు పోతుంది, అంతసేపూ గుడ్లు చల్లబడతాయి, అయినా పిల్లలు దిగుతాయి. హీటర్ గంటసేపు ఆగితే గుడ్లు ఓర్చుకుంటాయి. 40 డిగ్రీలు దాటి కొన్ని గంటలు ఉంటే మాత్రం లోపలి పిండం చస్తుంది. అంటే మీ పనికి ఆన్‌లో చెడిపోవడమే ప్రాణాంతకం, ఎస్‌ఎస్‌ఆర్‌కు ఉన్న అలవాటు కూడా సరిగ్గా అదే. అందువల్ల ఈఎస్పీ32తో, దాని సెన్సరుతో, ఎస్‌ఎస్‌ఆర్‌తో ఏ సంబంధమూ లేని రెండో కాపలా తప్పనిసరి.

నేను కట్టేది ఇలా. మెయిన్ నుంచి వచ్చే ఫేజు ముందు 6 యాంప్స్ ఎంసీబీ, తర్వాత 230 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న 9 యాంప్స్ కాంటాక్టర్ (గట్టి కాంటాక్టులున్న పెద్ద రిలే లాంటిది), ఆ తర్వాత ఎస్‌ఎస్‌ఆర్, చివర హీటర్. కాంటాక్టర్ కాయిల్‌ను ఎస్‌టీసీ-1000 లాంటి విడి థర్మోస్టాట్ పట్టుకుంటుంది, దాని సెన్సరు దానిదే. దాన్ని హీటింగ్‌లో 38.8 దగ్గర, తేడా 0.5 పెట్టండి. మామూలు రోజుల్లో అది ఎప్పుడూ కలిసే ఉంటుంది, రోజంతా కొట్టుకునే పని ఎస్‌ఎస్‌ఆర్‌దే. ఎస్‌ఎస్‌ఆర్ షార్ట్ అయిన రోజు వేడి 38.8కి రాగానే కాంటాక్టర్ విడిపోతుంది, 38.3కి దిగాక మళ్లీ కలుస్తుంది. కొంచెం ఎక్కువ వేడే, అయినా మీరు నిద్రలేచేదాకా గుడ్లు బతికుంటాయి. కాంటాక్టర్‌కు ఉండే ఎన్‌సీ కాంటాక్టుకు (కాంటాక్టర్ విడిపోయినప్పుడు కలిసేది), కాంటాక్టర్‌కు ముందు నుంచి ఫేజు తీసుకుని, ఒక 230 వోల్టుల బజర్ కట్టండి. కాంటాక్టర్ విడిపోయిన ప్రతిసారీ అది మోగుతుంది. ఖర్చు ఎక్కువ అనిపిస్తే ఒక బ్యాచ్ గుడ్ల ధరతో పోల్చుకోండి.

ఇది కూడా చాలదు. ఫ్యాను ఆగిపోతే సెన్సరు దగ్గర చల్లగానే ఉంటుంది, హీటర్ దగ్గర మాత్రం మంట పుట్టేంత వేడి. అందుకు హీటర్ పైన గాలి పారే చోట 77 డిగ్రీల థర్మల్ ఫ్యూజు ఒకటి ఫేజు తీగలో వరసగా వేయండి. దాని కాళ్లకు సోల్డర్ పెట్టొద్దు, ఆ వేడికే తెగిపోతుంది. క్రింప్ చేయాలి, అంటే లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించాలి.

రెండు సెన్సర్లూ ఒకే మాట చెప్పేలా చూసుకోండి. డీఎస్18బీ20కి అర డిగ్రీ, ఎస్‌టీసీ-1000కి ఒక డిగ్రీ అటూఇటూ తేడా ఉండొచ్చు. చెంబులో గోరువెచ్చని నీళ్లు పోసి, రెండు సెన్సర్ల మొనలూ, జ్వరం చూసే థర్మామీటరూ ఒకేచోట ముంచి కలుపుతూ చూడండి. గుడ్డుకు కావాల్సిన 37.5 అంటే థర్మామీటరు మీద 99.5 ఫారన్‌హీట్, 37.8 అంటే 100. తేడా ఎంత ఉందో రాసుకుని సెట్టింగులో సరిచేయండి.

బోర్డు వైపు వద్దాం. మీ కోడ్ చూడకుండానే అడుగుతున్నాను: సెన్సర్ తీగ ఊడిపోతే మీ బోర్డు ఏం చేస్తుంది? డీఎస్18బీ20కి అందరూ వాడే లైబ్రరీ, సెన్సర్ దొరకకపోతే మైనస్ 127 అని ఇస్తుంది. మీ కోడ్ దాన్ని నమ్మితే "అయ్యో, ఇంత చలా" అని హీటర్‌ను ఆపకుండా ఆన్‌లో పెట్టేస్తుంది. కరెంటు అప్పుడే వచ్చినప్పుడు కొలత ఇంకా పూర్తి కాకముందే చదివితే 85 అని వస్తుంది, దాన్ని నమ్మితే హీటర్ ఆగిపోతుంది. కాబట్టి 10 కంటే తక్కువ, 50 కంటే ఎక్కువ ఏది వచ్చినా అది వేడి కాదు, సెన్సర్ గోల అనుకుని హీటర్ ఆపేసి బజర్ మోగించేలా రాయండి. ప్రోగ్రాం ఆగిపోతే బోర్డును రీసెట్ చేసే వాచ్‌డాగ్ ఆన్‌లో పెట్టండి. ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుపోయిన క్షణంలో పిన్ను హైలో ఉంటే, అది హైలోనే ఉండిపోతుంది.

ఈఎస్పీ32 పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు. ఎస్‌ఎస్‌ఆర్ మీద 3 నుంచి 32 అని రాసున్నా 3.3 మరీ అంచు, కొన్ని సరిగా ఆన్ కావు. మధ్యలో ఒక బీసీ547 ట్రాన్సిస్టర్ పెట్టండి. 5 వోల్టులు నేరుగా ఎస్‌ఎస్‌ఆర్ 3వ స్క్రూకు, 4వ స్క్రూ ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు, ఎమిటర్ గ్రౌండుకు. పిన్ను నుంచి బేస్‌కు 1 కిలో ఓమ్, బేస్ నుంచి గ్రౌండుకు 10 కిలో ఓమ్. ఆ 10 కిలో ఓమ్ మరిచిపోవద్దు, బోర్డు ఆన్ అయ్యేటప్పుడు పిన్నులు గాలిలో ఉంటాయి, అప్పుడు హీటర్‌ను ఆఫ్‌లో పట్టి ఉంచేది అదే. పిన్నుల్లో 26, 27, 32, 33 మంచివి. 5, 14, 15 బూట్ అయ్యేటప్పుడు కాసేపు వాటంతట అవే హై ఇస్తాయి.

ఫ్యాను స్పీడు తగ్గించినట్టు వేగంగా పీడబ్ల్యూఎం (పిన్నును చకచకా ఆన్, ఆఫ్ చేయడం) ఇచ్చి హీటర్‌ను తగ్గించాలని చూడకండి. మీరు కొన్నది జీరో క్రాస్ రకం అయి ఉంటుంది, ఎక్కువగా దొరికేది అదే. వోల్టేజీ సున్నాకు వచ్చినప్పుడే అది ఆన్ అవుతుంది, అంటే 10 మిల్లీ సెకన్లకు ఒకసారి మాత్రమే మీ మాట వింటుంది. సెకనుకు వెయ్యి సార్లు చెప్పినా లాభం లేదు. రెండు సెకన్ల గడి తీసుకోండి, అందులో 200 అర సైకిళ్లు ఉంటాయి. 30 శాతం కావాలంటే 0.6 సెకను ఆన్, మిగతాది ఆఫ్. వేడి తేడాను బట్టి హీటర్‌ను సర్దే పీఐడీ లెక్క ఆ శాతాన్ని మారుస్తూ ఉంటుంది.

వోల్టేజీ సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మన పల్లెల్లో 230 అనేది కాగితం మీదే. సాయంత్రం 180కి పడితే మీ 1000 వాట్ల హీటర్ 600 వాట్లే ఇస్తుంది, పొలాల మోటార్లన్నీ ఆగిన రాత్రి వేళ 260కి లేస్తే 1280 దాకా లాగుతుంది. పీఐడీ దీన్ని సర్దుకుంటుంది, మామూలు ఆన్-ఆఫ్ అయితే పొద్దుటికీ సాయంత్రానికీ తేడా చూపిస్తుంది. ఎస్‌ఎస్‌ఆర్ కొనేటప్పుడు 24-380 అని కాకుండా 90-480 అని రాసి ఉన్న రకం తీసుకోండి, సర్జిని ఇంకొంచెం ఓర్చుకుంటుంది. 1, 2 మధ్య 14డీ471 నంబరు ఎంఓవీ (సర్జిని మింగే బిళ్ల) ఒకటి వేయండి. దాని కంటే మరీ చిన్న నంబరు వేస్తే రాత్రి వోల్టేజీకే వేడెక్కి పగలొచ్చు.

కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతానని రాశారు. 150 ఏహెచ్ బ్యాటరీ మీద 1000 వాట్లు గంటసేపు కూడా సరిగా నిలవదు. ఇన్వర్టర్ లైనుకు ఫ్యాను, బోర్డు, ఒక 100 వాట్ల బల్బు చాలు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఎస్‌ఎస్‌ఆర్ దాని మీద సరిగా ప్రవర్తించకపోవచ్చు. ఆ వేవ్ నిట్టనిలువుగా లేస్తుంది, ఆ దెబ్బకే ట్రయాక్ చెప్పకుండా ఆన్ కావచ్చు. ఆ బల్బును రిలే మీద పెట్టుకోండి.

మోటారు. 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు 5 నుంచి 7 యాంప్స్ తీసుకుంటుంది, లేచేటప్పుడు దానికి అయిదారు రెట్లు. వోల్టేజీ తక్కువున్న సాయంత్రం అది లేవలేక మూలుగుతూ అంత కరెంటునూ లాగుతూనే ఉంటుంది. ఆపేటప్పుడు కాయిల్ తిరగబెట్టే వోల్టేజీ వేరే. హ్యాచరీలో జరిగింది ఇక్కడ జరిగితే ట్యాంకు పొంగుతుంది, ఆపైన సంపులో నీళ్లు అయిపోయి మోటారు డ్రైగా తిరిగి కాలిపోతుంది. దానికి కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టర్ పెట్టుకోండి. ఈఎస్పీ32 నుంచి చిన్న రిలే, ఆ రిలే నుంచి కాంటాక్టర్ కాయిల్. ఇక్కడ మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన మామూలు రిలేనే సరి. గంటకు ఒకసారి కొట్టుకునే దానికి ఏళ్లు వస్తుంది. కాంటాక్టర్ విడిపోయినప్పుడల్లా ఈఎస్పీ32 రీసెట్ అవుతుంటే బోర్డు పాడైందనుకోకండి. కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్స్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటరు వరసగా కలిపి వేస్తే ఆ గోల తగ్గుతుంది. కంట్రోల్ తీగలను మోటారు తీగలతో కలిపి ఒకే పైపులో లాగొద్దు.

బోర్డుకు 5 వోల్టులు ఇచ్చే అడాప్టర్ బీఐఎస్ గుర్తు ఉన్నదే వాడండి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో వోల్టేజీ దించే చవక సర్క్యూట్లు కొన్ని వస్తాయి. వాటితో 5 వోల్టుల తీగ కూడా ఫేజు మీదే కూర్చుంటుంది, ఎస్‌ఎస్‌ఆర్ ఇచ్చిన రక్షణంతా వృథా. మీ సెన్సర్ తీగ తడి గాలి ఉన్న పెట్టెలోకే పోతోంది కదా.

మొత్తానికి ముందు 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఒకటి తప్పదు. మన ఎర్ర నేలలు, రాళ్ల నేలలు వేసవిలో ఎండిపోయి ఎర్త్ సరిగా పట్టదు. ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తూ ఉండండి, హీట్ సింక్‌కు, ఇనుప పెట్టెకు ఎర్త్ తీగ బిగించండి. ఎస్‌ఎస్‌ఆర్ స్క్రూలకు 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగను లగ్గులు కొట్టి బిగించండి, నెల తర్వాత మెయిన్ దించి మళ్లీ ఒకసారి బిగించండి. లూజ్ కనెక్షన్‌తో కాలిన ఎస్‌ఎస్‌ఆర్‌లు నా దగ్గరకు చాలానే వస్తాయి, స్క్రూ పక్కన ప్లాస్టిక్ నల్లగా మాడి ఉంటుంది.

గుడ్లు పెట్టే ముందు ఖాళీ పెట్టెను రెండు రోజులు నడపండి. తర్వాత డీఎస్18బీ20 తీగ పీకేయండి, హీటర్ ఆగి బజర్ మోగాలి. మళ్లీ తగిలించి మెయిన్ దించి, ప్లగ్ పీకి, ఎస్‌ఎస్‌ఆర్ 1, 2 స్క్రూల మధ్య ఒక తీగ ముక్క బిగించండి. అంటే ఎస్‌ఎస్‌ఆర్ షార్ట్ అయినట్టే. ప్లగ్ పెట్టి దూరంగా నిలబడి చూస్తూ ఉండండి. వేడి ఎక్కుతూ పోయి 38.8 దగ్గర కాంటాక్టర్ టక్కున విడిపోవాలి, బజర్ మోగాలి. 39.5 దాటినా విడిపోలేదంటే మీరే ఎంసీబీ దించేసి, ఎస్‌టీసీ-1000 సెట్టింగు, దాని సెన్సరు ఎక్కడుందో చూడండి, సాధారణంగా సెన్సరు మూలకు, గాలి తగలని చోట ఉంటుంది. పరీక్ష అయ్యాక మళ్లీ ప్లగ్ పీకి ఆ తీగ ముక్క తీసేయండి. దానికి ఎర్ర టేపు చుట్టి బిగిస్తే తీయడం మరిచిపోరు.